మూరెడు దాటిపోయే గుమ్మటం

షోలాపూర్ భవానీ పేటలో నర్సప్ప ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగితే, "ఏ మగ్గం ఆగింది?" అని ఎదురు ప్రశ్న వచ్చేది. ఆయన ఇంటికి వేరే పని మీద వెళ్ళేవాళ్ళు లేరు. పెళ్ళి పిలుపులకు వచ్చినవాళ్ళు కూడా గడప దగ్గరే బొట్టు పెట్టి, అక్షతలు చేతిలో పోసి వెళ్ళిపోయేవారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆయనా ఆయన భార్య గోదావరీ. ఇద్దరూ ఒకరి జోలికి పోయేవాళ్ళు కాదు. అయినా ఆ ఇంట్లో కూర్చుంటే ఎవరికీ మాట తోచేది కాదు. పదిహేనేళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య "అన్నం పెట్టు", "నూనె అయిపోయింది" తప్ప వేరే మాట నడవలేదని వాడకట్టు మొత్తానికి తెలుసు. ఎందుకో కూడా తెలుసు. తెలిసే ఊరుకున్నారు.

నర్సప్పది జాబర్ పని. మగ్గం నేయడం వేరు, మగ్గాన్ని నేసేలా చేయడం వేరు. మగ్గం మొరాయిస్తే వచ్చి, పళ్ళ చక్రాలూ పట్టాలూ సర్ది దాన్ని మళ్ళీ దారిలో పెట్టేవాడు జాబర్. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళోని ఒక పెద్ద మిల్లులో ఆ పని చేశాడు. మిల్లు మూతపడ్డాక సైకిలెక్కి నీలం నగర్‌లోని పవర్‌లూమ్ షెడ్ల చుట్టూ తిరిగేవాడు. టవళ్ళూ చద్దర్లూ నేసే ఆ షెడ్లలో ఇరవై మగ్గాలు ఒకేసారి మోగుతుంటే పక్కవాడి అరుపు వినపడదు. నర్సప్ప మాత్రం గుమ్మంలో ఆగి, తల కాస్త వంచి, "ఎడమ దిక్కు నాలుగోది. కింద బోల్టు ఒదులైంది" అనేవాడు. వెళ్ళి చూస్తే ఒదులయ్యే ఉండేది. ఈ విద్య మీద ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది, ఉండనిద్దాం. ఆయనకు గర్వపడటానికి వేరే ఏమీ లేదు.

చొక్కా జేబులో చిన్న కత్తెర ఉండేది. దానికో తాడు, ఆ తాడు గుండీ కాజాకు ముడి. తెగిన పోగులు కత్తిరించడానికి మిల్లు మనుషులందరి దగ్గరా ఉండేదే అది. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప ఆయన దాన్ని విడిచింది లేదు.

1995లో, శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం ఊరేగిన వారం రోజులకు, ఆయన ఇంటికి రాజారాం వచ్చాడు. అదే సందులో చేమగ్గం నేసిన కొమురయ్య కొడుకు. చదువుకొని, ఊరి చివర ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నర్సప్ప ఇంట్లో చాప మీద కూర్చుని చాయ్ తాగిన మనిషి అతనే. పుస్తకాలు చదివేవాళ్ళకు ఇళ్ళలోని మౌనాలు తొందరగా పట్టవు కాబోలు.

"కాకా, ఒక యంత్రం ఉన్నది. మగ్గం గాదు. జర వచ్చి చూస్తవా?" అన్నాడు రాజారాం.

"మోటారు ఉన్నదా?"

"ఉన్నది."

"పండ్ల చక్రాలు?"

"ఉన్నయి. గవ్వే మాట వింటలేవు."

"అట్లయితే మగ్గమే" అని నర్సప్ప చెప్పులు వేసుకున్నాడు.

కాలేజీ మేడ మీద రేకులతో చేసిన గుమ్మటం అది. పన్నెండు అడుగుల వెడల్పు. లోపల దిమ్మె మీద టెలిస్కోపు. గుమ్మటానికి శిఖరం నుంచి అంచు దాకా రెండడుగుల చీలిక ఉంది. ఆ చీలికలోంచే ఆకాశం కనపడాలి. ఏ చుక్కను చూడాలన్నా గుమ్మటాన్ని తిప్పి, చీలికను దానికెదురుగా తెచ్చి నిలపాలి. అందుకని గోడ మీద గుండ్రంగా ఇనుప పట్టా పరిచి, దాని మీద గుమ్మటాన్ని చక్రాలతో కూర్చోబెట్టి, ఒక మోటారు పెట్టారు. గోడకు రెండు బటన్లు, కుడికొకటి, ఎడమకొకటి.

రాజారాం ఒక బటన్ నొక్కాడు. గుమ్మటం ముందు కదల్లేదు. తర్వాత ఒక్క ఉదుటున కదిలింది. బటన్ వదిలాక కూడా మూరెడు దూరం జారి, అప్పుడు ఆగింది. వెనక్కి తెద్దామని రెండో బటన్ నొక్కితే ఇటు మూరెడు దాటింది. ఆ కుదుపుకు టెలిస్కోపు దిమ్మె కూడా అదిరింది.

"నాకు వేలెడు కావాలె కాకా. ఇది మూరెడు పోతది" అన్నాడు రాజారాం. "మూడేండ్ల సంది ఇదే తీరు. చుక్కను పట్టుకునే లోపల గుమ్మటం దాన్ని మూసేస్తది."

నర్సప్ప గుమ్మటం చుట్టూ మూడుసార్లు నడిచాడు. రేకుకు చెవి ఆనించి, మళ్ళీ నొక్కమన్నాడు. పట్టా అతుకుల దగ్గర చక్రం ఎక్కి దిగుతున్న చప్పుడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకున్నాడు. "అయితది" అన్నాడు. "ఎప్పటికి కావాలె?"

"దీపావళి లక్ష్మీపూజ మరునాడు. ఆ పొద్దున సూర్యగ్రహణం ఉన్నది. టెలిస్కోపుల నుంచి సూర్యుని బొమ్మను తెల్ల అట్ట మీద పడేస్త. మా పోరగాండ్లకు, మన వాడకట్టోళ్ళకు అందరికీ చూపిస్త. గ్రహణమంటే తలుపులు పెట్టుకొని కూసునుడు ఇగ బంద్ కావాలె."

నర్సప్ప చేతిలోని పానా కింద పెట్టాడు. "వేరేటోన్ని చూస్కో సర్" అని మెట్లు దిగిపోయాడు.

గ్రహణం అనగానే ఆయన ఎందుకు లేచిపోయాడో రాజారాంకు తెలియదు. ఆ సంగతి జరిగిన ఏడాది అతను పూణేలో చదువుకుంటున్నాడు. తెలిసినవాళ్ళు తలుపుల వెనక చెప్పుకునే కథ ఇది.

1980 ఫిబ్రవరిలో, అమావాస్య నాడు, మధ్యాహ్నం పూట సూర్యగ్రహణం పట్టింది. అప్పుడు గోదావరికి నాలుగో నెల నిండుతోంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు. అత్త యల్లమ్మ పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది, గ్రహణం విడిచేదాకా కదలకుండా పడుకోమని, కత్తి ముట్టొద్దని, కత్తెర ముట్టొద్దని. గోదావరి బీడీలు చుట్టేది. మర్నాడు పొద్దున్నే కార్ఖానాలో వెయ్యి బీడీలు అప్పగించాలి. నానబెట్టిన తునికాకు సగం కోయకుండా మిగిలి ఉంది. ఆ పూట కోయకపోతే ఆకు పాడైపోతుంది. గ్రహణం మూడు దాటాక అని ఎవరో అన్న మాట నమ్మి, ఇంకా సమయం ఉందనుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పనిలో పడి చూసుకోలేదు. ఇంట్లో వెలుతురు మసకబారింది. యల్లమ్మ లోపలి గదిలోంచి వచ్చి చూసేసరికి కోడలి చేతిలో కత్తెర ఆడుతూనే ఉంది.

ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలి కూడా చీలి ఉంది. మంత్రసాని బిడ్డను బట్టలో చుట్టి ఇస్తూ ముఖం పక్కకు తిప్పుకుంది. యల్లమ్మ "కత్తెర" అని ఒక్క మాట అంది. సాయంత్రానికి ఆ మాట సందంతా తిరిగింది. నర్సప్ప మిల్లు నుంచి వచ్చి, బిడ్డను చూసి, బాలింత మంచం పక్కన నిలబడి, "నీ చేతులతోని నువ్వే కోసినవు" అన్నాడు.

ఈ మాటకు ఆయన్ని క్షమించమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. తొమ్మిది నెలలు మోసి, ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడి, ఇంకా లేచి కూర్చోలేని మనిషితో అన్న మాట అది. గోదావరి గోడ వైపు తిరిగి బిడ్డను దగ్గరకు లాక్కుంది.

బిడ్డకు భాగ్యలక్ష్మి అని పేరు పెట్టిందీ ఆమే. బిడ్డకు రొమ్ము పట్టడం రాలేదు. నోట్లో పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. గోదావరి మెత్తటి నూలు పోగులు తీసి, వత్తి చేసి, పాలలో ముంచి, గొంతులోకి చుక్క చుక్కగా పిండేది. చిన్న గిన్నెడు పాలు తాగించడానికి ఒక పూట పట్టేది. మధ్యలో బీడీలు, మధ్యలో వంట, మళ్ళీ వత్తి. పెద్దాసుపత్రి డాక్టరు పెదవిని కుట్టవచ్చునన్నాడు, బిడ్డ బరువు పెరగాలన్నాడు. బరువు పెరగలేదు. ఏడో నెలలో జలుబు చేసి ఛాతీలోకి దిగింది. రెండు రోజుల్లో పోయింది.

ఆ ఏడు నెలల్లో నర్సప్ప బిడ్డను ఎత్తుకోలేదు. ఏడుస్తుంటే బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. ఎత్తుకున్నది ఒక్కసారే, శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు.

వాడకట్టుకు తెలిసిన కథ ఇంతే. వాళ్ళకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ గ్రహణం మధ్యాహ్నం మిల్లు ఆగలేదు. దీపాలు వేసుకుని మగ్గాలు నడిచాయి. కిటికీ అద్దాల అవతల పట్టపగలు చీకటి కమ్ముతుంటే నర్సప్ప మగ్గాల మధ్య తిరుగుతూ, జేబులోని కత్తెర తీసి, తెగిన పోగులు కత్తిరిస్తూనే ఉన్నాడు. ఇంట్లో కడుపుతో ఉంటే మొగుడు కూడా గ్రహణం వేళ దేన్నీ కోయకూడదని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నదే. అయినా మేస్త్రీ ముందు ఆ మాట ఎలా చెబుతాడు? సాయంత్రం ఇంటికి వచ్చి నోరు మెదపలేదు. బిడ్డ పుట్టిన రోజు యల్లమ్మ "కత్తెర" అనగానే అందరి చూపూ గోదావరి చాటలోని కత్తెర మీద పడింది. జేబులోని కత్తెర ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరికీ గుర్తు రాకముందే ఆయన వేలు చూపించాడు.

పదిహేనేళ్ళుగా ఆయన్ని లోపల్లోపల తిన్నది అదే. చెప్పేయాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. ఇద్దరి చేతుల్లోనూ కత్తెర ఉంది కదా, బిడ్డ పెదవిని కోసింది ఎవరిది? అది తేలితే చెప్పవచ్చు అనుకునేవాడు. తేలదు గనక చెప్పనక్కర్లేదు అని కూడా అనుకునేవాడు. పిరికివాడికి రెండు దారులూ ఒకే ఇంటికి చేరతాయి.

మూడో రోజు సాయంత్రం నర్సప్ప తనంత తానే కాలేజీ మెట్లెక్కాడు. రాజారాం పలకరించబోతే అడ్డొచ్చి, "గ్రహణం దగ్గర్నుంచి కనపడుతదా సర్?" అని అడిగాడు.

"ఎంత దగ్గరంటే, చీకటి అంచు జరుగుడు గూడ కనపడుతది. గుమ్మటం అడ్డం రాకుంటే."

"రాదు" అన్నాడు నర్సప్ప.

ఆ రోజు నుంచీ షెడ్ల పని అయ్యాక రోజూ వచ్చేవాడు. ముందు టెలిస్కోపును ఒక పక్కకు దించి, దిమ్మె నడిమధ్యన మేకు నిలిపాడు. మేకుకు పడుగు పోగు కట్టి, బిగువుగా పట్టా దాకా లాగి, చుట్టూ నడిచాడు. గుండ్రంగా ఉండాల్సిన పట్టా నాలుగు చోట్ల లోపలికీ రెండు చోట్ల బయటికీ పోయి ఉంది. ఎంత పోయిందో కొలబద్ద లేకుండానే వేలి కొసతో చెప్పేవాడు, ఇక్కడ బియ్యపు గింజంత, ఇక్కడ రెండు గింజలంత అని. సన్నటి రేకు ముక్కలు కింద దూర్చి ఎత్తు సరిచేశాడు. అతుకుల్ని ఆకురాయితో పది రోజులు అరగదీశాడు. పాత మిల్లు తుక్కులోంచి మగ్గాల పళ్ళ చక్రాలు ఏరి తెచ్చి, మోటారు ఎన్నో చుట్లు తిరిగితే గానీ గుమ్మటం వేలెడు జరగకుండా కూర్చాడు. పరుగు తగ్గింది. కానీ మోటారు ఆగినా గుమ్మటం జానెడు దాకా జారుతూనే ఉంది.

దానికి నర్సప్ప దగ్గర మందు ఉంది. మగ్గంలో నేసిన బట్ట ఒక రోలరుకు చుట్టుకుంటూ పోతుంది. అది జారిపోకుండా పక్కన ఒక పళ్ళ చక్రం, దాన్ని పట్టుకునే కొక్కెం ఉంటాయి. అలాంటి కొక్కెమే ఒకటి తెచ్చి గుమ్మటానికి బిగించాడు. రాజారాంను పిలిచి బటన్ నొక్కమన్నాడు. గుమ్మటం టిక్కు టిక్కుమంటూ నడిచి, వదలగానే వదిలిన చోట ఆగింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నర్సప్ప మీసం కింద చిన్న నవ్వు వచ్చింది. రాజారాం సంతోషంగా రెండో బటన్ నొక్కాడు. మోటారు మూలిగింది, బెల్టు కాలిన వాసన వచ్చింది, గుమ్మటం మాత్రం ఉన్నచోటనే ఉంది.

"కాకా, ఇది వెనక్కి తిరగదా?"

"వెనక్కెందుకు? ఏ బట్టన్న వెనక్కి పోతదా?"

"ఇది బట్ట గాదు గద కాకా. దక్షిణం దిక్కున్న చుక్కలు ఒక తీరు పోతయి, ఉత్తరం దిక్కువి ఇంకో తీరు పోతయి. రెండు దిక్కుల తిరగాలె."

వెనక్కి నడిచే మగ్గాన్ని నర్సప్ప ఏనాడూ చూడలేదు. వెనక్కి వెళ్ళవలసిన పని కూడా ఒకటి ఉంటుందని తట్టకపోవడం ఆయనకు తప్పుగా కాదు, సిగ్గుగా అనిపించింది. మర్నాడు కొక్కెం విప్పేసి, మగ్గం రెండో కొస నుంచి ఆలోచించాడు. పడుగు చుట్టిన బీము ఊరికే తిరిగిపోకుండా దాని మెడకు తాడు చుట్టి, తాడు కొసకు ఇనుప దిమ్మ వేలాడదీస్తారు. ఆ తాడు ఎటు తిరిగినా పట్టి ఉంచుతుంది. మోటారు పక్క చక్రానికి అలాంటి తాడే చుట్టి, బరువు ఒక్కొక్క బిళ్ళగా పెంచుతూ వచ్చాడు. ఆరో బిళ్ళకు గుమ్మటం రెండు వైపులా మాట విన్నది.

ఆఖరుకు గుర్తులు మిగిలాయి. ఎంత జరిగిందో తెలియాలి కదా. మగ్గంలో పడుగు పోగుల్ని సమదూరంలో పట్టి ఉంచే ఇనుప దువ్వెనను పన్నె అంటారు. మిల్లువి ఎనిమిది పాత పన్నెలు తెచ్చి, జానెడేసి ముక్కలు చేసి, గుమ్మటం అంచు పొడుగునా బిగించాడు. గోడకు ఒక సూది నిలిపాడు. ఇక సూది ముందు నుంచి ఎన్ని పళ్ళు జరిగితే అంత. రాజారాం "ఇరవై పండ్లు" అంటే గుమ్మటం ఇరవై మీద ఆగేది. ఇరవై ఒకటో పన్నును ముట్టేది కాదు.

పన్నె ముక్కలు బిగించే రోజుల్లోనే, తల పైకెత్తకుండా, స్క్రూ తిప్పుతూ నర్సప్ప ఆ మాట అడిగాడు.

"సర్, గ్రహణం నాడు కత్తెర ముడితే కడుపుల బిడ్డకు పెదవి తెగుతదా?"

రాజారాం ఆ మధ్యనే తన తల్లి దగ్గర సంగతంతా విన్నాడు. "కాకా, నేను మా జీవశాస్త్రం సర్‌ను అడిగిన" అన్నాడు మెల్లగా. "బిడ్డకు పెదవి, అంగిలి మూడు నెలల లోపల్నే కుదురుతయి. కొందరికి తీరు తప్పి కుదరవు. శాన మందికి అయితది, గ్రహణాలు లేని ఏడు గూడ అయితది. ఆ రోజు చిన్నమ్మకు ఎన్నో నెల?"

నర్సప్ప స్క్రూ వదిలి వేళ్ళు మడిచాడు. కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం. మళ్ళీ మడిచాడు. "నాలుగు నిండబోతున్నది."

"అట్లయితే గ్రహణం రాకముందే అయిపోయిన పని. ఎవరి కత్తెరా కాదు కాకా."

ఎవరి కత్తెరా కాదు. ఈ మాట కోసం పదిహేనేళ్ళు కాచుకున్నవాడికి గుండె తేలిక కావాలి. కాలేదు. ఇన్నాళ్ళూ తనదో ఆమెదో అని కత్తెరల మీద వేసి నడిపిన బరువు, కత్తెరలు రెండూ పక్కకు తప్పుకోగానే వచ్చి ఆయన అన్న మాట మీద పడింది. అది నోరు జారి అన్న మాట కాదు. ఆయనే అన్నాడు. బిడ్డను ఎత్తుకోనిదీ ఆయనే. ఆ సాయంత్రం సైకిలు తొక్కకుండా, చేత్తో నడిపించుకుంటూ ఇంటిదాకా వచ్చాడు.

లక్ష్మీపూజ నాడు దీపాలు పెట్టాక, గోదావరి ప్రమిదలో నూనె పోస్తుంటే, "రేపు పొద్దున కాలేజీకి వస్తవా? గ్రహణం చూపిస్తరు. గుమ్మటం నేనే తిప్పుత" అన్నాడు. అక్కడ, అందరి ముందు, ఆమెతో చెప్పాలని ఆయన అనుకున్నాడు.

"ఒకటి చూసిన గద" అంది గోదావరి. నూనె గిన్నె పట్టుకుని పక్క ప్రమిద దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు కాలేజీ మేడ మీద వంద మంది దాకా పోగయ్యారు. భవానీ పేట నుంచి వచ్చినవాళ్ళు ఏడెనిమిది మందే. వాళ్ళలో సందు చివరి సుందరాబాయి ఒకతె, మనవడు మారాం చేస్తే తప్పక వచ్చింది. గుమ్మటం లోపల తెల్ల అట్ట మీద పళ్ళెమంత సూర్యుడు పడ్డాడు. ఏడున్నర కాకముందే ఒక అంచున చిన్న నొక్కు కనపడింది. జనం పది మందేసి వంతులవారీగా లోపలికి వచ్చి చూశారు.

నర్సప్ప బటన్ల దగ్గర నిలబడ్డాడు. సూర్యుడు పైకి జరుగుతున్నకొద్దీ చీలిక అంచు అడ్డం రాబోయేది. రాజారాం "పది పండ్లు" అనేవాడు. నర్సప్ప నొక్కేవాడు, గుమ్మటం పది పళ్ళు జరిగి ఆగేది. అట్ట మీద బొమ్మ వణికేది కాదు. "పదిహేను." మళ్ళీ అంతే. నల్లటి నొక్కు పెరుగుతూ వచ్చింది. ఎనిమిదిన్నరకు సూర్యుడు సగం పైన తిన్న రొట్టెలా మిగిలాడు. బయట ఎండ రంగు మారి, కాకులు గోల మొదలుపెట్టాయి.

అప్పుడే చక్రం దగ్గర చప్పుడు మారింది. ఇంకెవరికీ వినపడలేదు. బరువు తాడులో ఒక పురి తెగి, దాని కొస పళ్ళ మధ్యకు పోతోంది. ఇంకోసారి నొక్కితే పళ్ళు తాడును మింగేస్తాయి, గుమ్మటం ఉన్నచోట బిగుసుకుపోతుంది, సూర్యుడు రేకు వెనక్కి వెళ్ళిపోతాడు. నర్సప్ప వంగి, జేబులోంచి కత్తెర తీశాడు.

"నర్సప్పా, కత్తెర" అంది వెనక నుంచి సుందరాబాయి. "గ్రహణం పట్టి ఉన్నది."

ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పోగును కోసి, కొసను లాగి పారేశాడు.

"పోయినసారి గూడ కోసిన" అన్నాడు.

సుందరాబాయికి అర్థం కాలేదు. మనవడు చేయి లాగితే మళ్ళీ అట్ట వైపు తిరిగింది. రాజారాం "ఇరవై పండ్లు కాకా" అన్నాడు. గుమ్మటం ఇరవై పళ్ళు జరిగి, ఆగింది.

గ్రహణం విడిచాక పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజారాం ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఒక్కసారి కూడా అదరలేదు కాకా అన్నాడు. నర్సప్ప నిలబడలేదు. సైకిలెక్కి కొంతం చౌక్ మీదుగా ఇంటికి వచ్చాడు. దారి పొడుగునా తలుపులు మూసే ఉన్నాయి. అక్కడక్కడా ఆడవాళ్ళు విడుపు స్నానాలు చేసి వాకిళ్ళు కడుగుతున్నారు.

గోదావరి స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వసారాలో కూర్చుని ఉంది. గ్రహణమంటే ముందు రోజే ఆమె తన కత్తెరను గుడ్డలో చుట్టి, దూలం సందున దాచేది. పదిహేనేళ్ళుగా ఒక్క గ్రహణానికీ మరవలేదు. ఇప్పుడు ఆ గుడ్డ ముడి విప్పుతోంది. ముందు చాట, పక్కన నానిన ఆకు.

నర్సప్ప ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ లెక్క లేదు.

"బిడ్డకు పెదవి మూడు నెలల లోపల్నే తయారైతదట" అన్నాడు. "గ్రహణం నాటికి నీకు నాలుగో నెల. నీ కత్తెర కాదు గోదావరి."

ఆమె ముడి విప్పుతూనే ఉంది.

"ఇంకోటి ఉన్నది. ఆ రోజు మిల్లు బంద్ లేకుండె. నేను గూడ కోసిన. గ్రహణం పట్టి ఇడిచేదాంక పోగులు కోస్తనే ఉన్న. నీకు చెప్పలేదు. ఎవ్వలికీ చెప్పలేదు. చెప్పకుండ నిన్ను అన్న."

"నాకు ఎరికే" అంది గోదావరి.

"ఎట్ల?" అన్నాడు నర్సప్ప.

"ఆ రోజు మాపున నీ అంగి ఉతికింది నేను గాదా? జేబు నిండ పోగు ముక్కలే. పొద్దున అదే జేబు నేనే దులిపి ఇచ్చిన. అవన్నీ ఆ పూటవే."

"ఎరికై గూడ నన్ను ఎందుకు అనలేదు? మా అమ్మ అన్న రోజు, నేను అన్న రోజు, ఒక్క మాట అనొచ్చు గద."

గోదావరి ఒక ఆకు తీసి, బీడీ కొలతకు ఉంచుకున్న రేకు ముక్క కింద పెట్టి, చుట్టూ కత్తిరించింది. తొందర లేకుండా, మూలలు సరిగ్గా వచ్చేలా కత్తిరించింది. ఆ ముక్కను చాటలో పెట్టాక చెప్పింది.

"తప్పు నా ఒక్కదాని మీదనే ఉంటే, నువ్వన్నా బిడ్డను ఎత్తుకుంటవనుకున్న. నీది గూడ ఉన్నదంటే నువ్వు దాని మొఖం దిక్కు చూడవని భయమైంది. గందుకే మూసుకొని ఉన్న." ఇంకో ఆకు తీసుకుంది. "ఎట్లయినా నువ్వు ఎత్తుకోకనే పోతివి."

నర్సప్ప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బియ్యపు గింజంత తేడాను వేలి కొసతో పట్టే చేతులవి. భాగ్యలక్ష్మి బరువెంతో ఆ చేతులకు ఒక్క రోజే తెలుసు, ఆ రోజు బిడ్డ ప్రాణంతో లేదు. ఎదురుగా కత్తెర చప్పుడు ఆగకుండా సాగుతోంది. ఆయన ఆ చప్పుడు వింటూ, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.